పచ్చ అంటే ఏ రంగు?

బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో, ఝపటాపూర్ పేటలో ఒక పిల్లల ఇల్లు ఉండేది. స్టేషన్‌లో తప్పిపోయి దొరికిన పిల్లల్నీ, ఎవరూ లేని పిల్లల్నీ పోలీసులు అక్కడికి తెచ్చేవారు. ఎప్పుడు చూసినా ఇరవైమందికి తగ్గకుండా ఉండేవారు. ఆ ఇంటి పెత్తనం సుజాతమ్మది. వంట జోగమ్మది. పిల్లలకు నీళ్లు పోయడం, తలలు దువ్వడం, జ్వరమొస్తే పక్కన కూర్చోవడం, రాత్రి తడిసిన పక్కబట్టలు పొద్దున్నే ఉతకడం ఆయా దేవమణిది.

దేవమణి తాత భీమిలి వైపు నుంచి రైల్వే వర్క్‌షాపులో పనికని వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఖరగ్‌పూర్‌లోనే. తెలుగు బైబిలు చదవగలదు. బెంగాలీలో బేరమాడగలదు, హిందీలో దెబ్బలాడగలదు. భర్త విల్‌ఫ్రెడ్ వర్క్‌షాపులో రైలుపెట్టెలకు రంగులు వేసేవాడు. వాళ్లకు పిల్లలు లేరు. న్యూ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలోని క్వార్టర్ నుంచి దేవమణి రోజూ తెల్లారేసరికి నడుచుకుంటూ పిల్లల ఇంటికి వచ్చేది.

1984లో తీతు అనే నాలుగేళ్ల పిల్లవాణ్ణి డెన్మార్క్ నుంచి వచ్చిన దంపతులు కోర్టు అనుమతితో పెంచుకోవడానికి తీసుకెళ్లారు. మంచివాళ్లు. వెళ్లిన అయిదు వారాలకు ఉత్తరం రాశారు. సుజాతమ్మ ఆ ఇంగ్లిష్ ఉత్తరాన్ని చదివి తెలుగులో చెప్పింది. బాబు ఆరోగ్యంగా ఉన్నాడు, తింటున్నాడు. కానీ పడుకునే వేళకు రోజూ "పచ్చ, పచ్చ" అని ఏడుస్తున్నాడు. పచ్చ అంటే ఏమిటో దయచేసి తెలియజేయండి.

"రంగు కదమ్మా. ఆకుపచ్చ" అంది దేవమణి, చంకలో ఉన్న మరో పిల్లాడి ముక్కు తుడుస్తూ. సుజాతమ్మ అదే రాసి పంపింది.

పది రోజుల తర్వాత ఒక పొద్దున దేవమణి దుప్పట్లు తీగ మీద ఆరేస్తోంది. పసుపు రంగు వెలిసిపోయిన పాత దుప్పటి ఒకటి చేతికొచ్చింది. దాన్ని సగం పరిచి, ఉన్నట్టుండి ఆగిపోయింది. తీతు దీని కొసను గుప్పిట పట్టుకుంటే గానీ నిద్రపోయేవాడు కాదు. ఎవరైనా లాక్కుంటే "నా పచ్చది, నా పచ్చది" అని వెంటపడేవాడు. పిల్లవాడి పచ్చ పసుపుపచ్చ. తాను చెప్పింది ఆకుపచ్చ.

నీళ్లోడుతున్న దుప్పటితోనే ఆఫీసు గదిలోకి పరిగెత్తింది. "అమ్మగారూ, తప్పు సెప్పీసినాను. ఆడికి కావలసింది ఇదండీ!"

మరో ఉత్తరం రాశారు. దుప్పటిని ఆరబెట్టి, గుడ్డలో కుట్టి పార్సిలు పంపారు. రెండు నెలలకు జవాబు వచ్చింది. మొదటి ఉత్తరం అందగానే ఆ తల్లిదండ్రులు ఆకుపచ్చ రగ్గు, ఆకుపచ్చ దిండు, చివరికి కిటికీకి ఆకుపచ్చ తెరలు కూడా కొన్నారట. బాబు అవన్నీ చూసి ఇంకా ఎక్కువ ఏడ్చాడట. దుప్పటి చేరేసరికి అడగడమే మానేశాడట. ఇప్పుడు బాగున్నాడు, దిగులుపడకండి అని రాశారు.

దేవమణికి ఆ "మానేశాడు" అన్న మాట మనసులో దిగబడిపోయింది. ఎవరికీ అర్థం కాక, ఇక అడిగి లాభం లేదనుకుని పిల్లవాడు ఊరుకున్నాడు. నాలుగేళ్లవాడు! ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆమెకు చేతిలో పని సాగేది కాదు.

మరుసటేడు పోలీసులు ఒక ఆడపిల్లను తెచ్చారు. రెండేళ్లకు మించి ఉండవు. స్వర్ణకుమారి అని పేరు పెట్టారు గానీ అందరికీ సొర్నమే. వచ్చిన వారం దాకా బిక్కచచ్చి ఉంది. ఆ తర్వాత నోరు తెరిచింది, మరి మూయలేదు. తెలుగు, బెంగాలీ, హిందీ కలిపి కొట్టేది. "మణమ్మా, లాల్ గౌను కాదు, నీలంది ఎయ్యి" అని ఆయాకు పురమాయించేది. దేవమణిని మణమ్మా అని పిలిచిన మొదటి పిల్ల అదే. తర్వాత అందరూ అలాగే పిలిచారు.

1987 ఎండాకాలంలో సొర్నం కోసం కూడా డెన్మార్క్ నుంచే ఒక జంట అడిగారు. భార్య పేరు ఇంగర్, బడిపంతులమ్మ. భర్త వడ్రంగి. కోర్టు కాగితాలు పూర్తయ్యేసరికి ఆరేడు నెలలు పడుతుందని సుజాతమ్మ చెప్పింది. ఆ మాట విన్న మర్నాడు దేవమణి ఆఫీసు గది గుమ్మంలో వచ్చి నిలబడింది.

"అమ్మగారూ, ఆ ఇంగరమ్మకి ఓ ఉత్తరం రాయండి. ఆళ్ల బాసలో రంగుల పేర్లు ఏటేటో పంపమనండి."

"వాళ్ల భాష మనకెలా వస్తుంది దేవమణీ? నాకే రాదు."

"బాస మొత్తం కాదమ్మా, రంగులు సాలు. సిన్నపిల్లకి వస్తువు పేరు తెలకపోయినా రంగు సెప్తే ఎవలైనా ఎతికి సేతికిస్తారు. తీతుబాబు అడిగినట్టు ఇది అడక్కూడదు."

సుజాతమ్మ కాగితం తీసింది.

ఆగస్టులో పార్సిలు వచ్చింది. దాన్లో అట్టపేజీల బొమ్మల పుస్తకం ఒకటి, క్యాసెట్టు ఒకటి. పేజీకొక రంగు, రంగుకొక బొమ్మ. క్యాసెట్టులో ఇంగర్ ఒక్కో పేజీ చదివి, పేజీ తిప్పినప్పుడల్లా చెంచాతో గ్లాసు మీద టింగుమని కొట్టింది. పిల్లల ఇంట్లో పాటలకని ఉంచిన టేప్ రికార్డరు ఉంది. మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక దేవమణి దాని ముందు కూర్చుని, విన్నది విన్నట్టు తెలుగక్షరాల్లో బొమ్మల కింద పెన్సిలుతో రాసుకుంది. నీలం బ్లో. ఆకుపచ్చ గ్రోన్. నలుపు సోర్ట్. గోధుమరంగు బ్రూన్. పసుపు గూల్.

గూల్ అన్న చోట జోగమ్మ వంటింట్లోంచి పడి పడి నవ్వింది. ఆమెకు గుల్‌తో పళ్లు తోమే అలవాటు ఉంది. బెంగాల్‌లో గుల్ అంటే డబ్బాల్లో అమ్మే నల్లటి పొగాకు పొడి. "ఓలమ్మో! మా గుల్ బొగ్గునాగ ఉంటే, ఆళ్ల గుల్ పసుపునాగుంటాదా! ఈ గుంటకి నువ్వు సదువు సెప్తన్నావా, ఏలాకోలమా?"

"నీ గుల్ నోట్లోకి, ఆళ్ల గూల్ కంట్లోకి. నువ్వు పప్పు సూడు, మాడతన్నాది" అంది దేవమణి.

కష్టమంతా ఎరుపుతో వచ్చింది. క్యాసెట్టులో ఇంగర్ ఆ మాటను పలికితే ఒకసారి రోద్ అన్నట్టు, ఒకసారి రోల్ అన్నట్టు వినబడేది. చివరి అక్షరం దకారమూ కాదు, లకారమూ కాదు. నాలుక పళ్లను తాకీ తాకకుండా ఉండిపోవాలి. తెలుపుకీ అదే తంటా. వీద్ అనాలో వీల్ అనాలో తేలేది కాదు. దేవమణి క్యాసెట్టును వెనక్కి తిప్పి తిప్పి ఇరవైసార్లు విన్నా ఆమెకు రోల్ అనే వచ్చేది. పక్కన కూర్చున్న సొర్నం మూడోసారికే అచ్చం ఆ క్యాసెట్టులోలాగే అనేసింది. అని, "నువ్వు సరీగా అనట్లేదు మణమ్మా" అంది.

ఇంకో చిక్కు కూడా వచ్చింది. పుస్తకంలో కారు ఎరుపే, ఇల్లు ఎరుపే, చెప్పులూ ఎరుపే. కానీ కారు దగ్గర రోద్ అన్న ఇంగర్, ఇంటి దగ్గర రొత్ అంది, చెప్పుల దగ్గర రోదె అంది. రంగు ఒకటే అయినప్పుడు మాట ఎందుకు మారిందో దేవమణికి రెండు రోజులు అంతుపట్టలేదు. మూడో రోజు సాయంత్రం క్వార్టర్‌లో విల్‌ఫ్రెడ్‌కు టీ ఇస్తూ తనే నవ్వేసింది.

"ఇదిగో, ఇనండి. మనం ఎర్రోడు అంతాం, ఎర్రది అంతాం, ఎర్రవి అంతాం. మనకి మారితే లేదు గానీ ఆళ్లకి మారితే వింతేటి!"

విల్‌ఫ్రెడ్ మాటలు తక్కువ మనిషి. ఆయనకు పుస్తకంలో వేరే సంగతి నచ్చింది. ముదురు నీలానికి మోర్కెబ్లో, లేత నీలానికి లూసెబ్లో అని రెండు పేజీలున్నాయి. గులాబీరంగుకు వాళ్లు వేరే పేరే పెట్టుకోలేదు, లూసెరోద్ అంటే లేత ఎరుపు. "ఇది మా పెయింట్ షాపు లెక్కేనే. లైటు, డార్కు. మంచి బుర్రున్నోళ్లే" అన్నాడు. తర్వాతి ఆదివారం పట్టెడు చెక్కముక్కలు ముందేసుకుని కూర్చున్నాడు. అంచులు గీరుకోకుండా గరుకు కాగితంతో నున్నగా రుద్ది, ఒక్కోదానికి ఒక్కో రంగు వేశాడు. లేత నీలం కుదరలేదని మూడుసార్లు గీకి మళ్లీ వేశాడు. పదకొండు ముక్కలయ్యాయి. సొర్నం వాటిని గౌను ఒళ్లో పోసుకుని పిల్లల ఇల్లంతా తిరిగేది.

సాయంత్రాలు గేటు దగ్గర ఆట. సొర్నం గేటు ఊచలెక్కి నిలబడి దారిన పోయేవాళ్ల బట్టల రంగులు అరిచేది. పాలవాడి లుంగీ గ్రోన్. చీపుళ్లమ్మే దీదీ చీర గూల్. దేవమణి కింద నిలబడి నడుం పట్టుకునేది, పడిపోకుండా.

ఆ వీధిలోనే గోవిందరావు అనే టికెట్ కలెక్టరు ఉండేవాడు. కురచ మనిషి, ఆ సంగతి ఎవరూ ఎత్తకూడదు. నల్లకోటు వేసుకుని డ్యూటీకి పోతుంటే ఒకరోజు గేటు మీంచి "సోర్ట్! సోర్ట్!" అని కేకలు వినిపించాయి. మర్నాడూ వినిపించాయి. మూడో రోజు ఆయన తిన్నగా గేటు దగ్గరికి వచ్చాడు. మొహం కందగడ్డలా ఉంది.

"ఏటమ్మా ఇది? అనాథ పిల్లలని జాలిపడతా ఉంటే పెద్దమనిషిని షార్టు, షార్టు అని ఎక్కిరిస్తార్రా? ఇదేనా మీరు నేర్పుతున్నాది?"

దేవమణి సొర్నాన్ని గేటు మీంచి దించేసింది. "అయ్యో, మిమ్మల్ని కాదు బాబూ! మీ కోటుని! నల్లకోటు గదా, ఆళ్ల బాసలో నలుపుని సోర్ట్ అంతారు. ఈ గుంట ఆ దేశం ఎల్లిపోతాది, అందుకు నేర్పుతున్నాను. బాబ్బాబు, ఏటీ అనుకోకండి."

గోవిందరావు కాసేపు నమ్మలేదు. తర్వాత సొర్నం మొహంలోకి చూశాడు. అది ఏమాత్రం జంకకుండా ఆయన చొక్కాను వేలితో చూపించి "వీద్" అంది. ఆయన తన తెల్లచొక్కాను ఒకసారి చూసుకున్నాడు. "ఎప్పుడెల్తాది?" అని అడిగాడు. "సలికాలం ఎల్లేసరికి" అంది దేవమణి. ఆ రోజు నుంచి ఆయన గేటు దాటేటప్పుడు తనే ఆగి, కోటు అంచు పట్టుకుని "సోర్ట్" అనేవాడు. సొర్నం "ఠీక్ హై" అంటేనే కదిలేవాడు.

1988 ఫిబ్రవరిలో ఇంగర్ వచ్చింది. పొడుగ్గా, సన్నగా ఉంది. బూడిదరంగు గౌను, తలకు చిన్న రుమాలు. భర్త ఇంట్లో పిల్లకు మంచం చేస్తూ ఉండిపోయాడట. కాగితాల మీద సంతకాలు ఇంకా కొన్ని ఉన్నాయి కాబట్టి నాలుగు రోజులు ఊళ్లోనే ఉంటుంది, రోజూ వస్తుంది.

సొర్నం ఆమెను చూడగానే దేవమణి చీర కుచ్చిళ్లలోకి దూరిపోయింది. ఇన్నాళ్లూ గేటెక్కి ఊరంతా వినేలా అరిచిన పిల్ల పెదవి విప్పలేదు. ఇంగర్ తొందరపడలేదు. వరండా మెట్టు మీద కూర్చుని, రంగుపెన్సిళ్లు తీసి పక్కన పరిచింది. ఒకటి పైకెత్తి మెల్లగా అడిగింది, "విల్కెన్ ఫావె?" ఏ రంగు అని. క్యాసెట్టులో విని విని ఆ ప్రశ్న సొర్నానికి కంఠతా వచ్చు. నోట మాట లేదు. ఆ పూటంతా అంతే. మర్నాడూ అంతే. ఇంగర్ నవ్వుతూనే ఉంది గానీ, రెండో రోజు సాయంత్రం గేటు దాటేటప్పుడు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం దేవమణి చూసింది.

ఆ సాయంత్రం నడుచుకుంటూ ఇంటికి పోతూ దేవమణి తనను తాను పరీక్షించుకుంది. పిల్ల ఇంగర్ దగ్గరికి పోకపోతే తన లోపల ఏ మూలో సంతోషంగా ఉంది. ఉన్న మాట అది. చీర పట్టుకున్న ఆ చిన్న గుప్పిళ్లు ఎంత గట్టిగా ఉన్నాయో తలుచుకుంటే హాయిగా ఉంది. ప్రభువా, నాకిది వద్దు, అనుకుంది.

మూడో రోజు ఇంగర్ పెన్సిళ్లు పరవగానే దేవమణి వెళ్లి ఆమె పక్కన మెట్టు మీద కూర్చుంది. ఎప్పుడూ అలా దొరసానుల సరసన కూర్చున్న మనిషి కాదు. సొర్నం వెనక నిలబడి వీపుకు అతుక్కుంది. దేవమణి ఎర్ర పెన్సిలు తీసి, గొంతు సవరించుకుని, "రోల్" అంది.

ఇంగర్ నవ్వలేదు. ఎంతో గౌరవంగా తల ఊపింది. వీపు మీద చిన్న కదలిక వచ్చింది.

దేవమణి తెల్లది తీసింది. "వీల్." వీపు మీద గుద్దు పడింది. పసుపుపచ్చది తీసి, కావాలనే, నిదానంగా, "బ్లో" అంది.

"గూల్!" సొర్నం ముందుకు దూకింది. "బ్లో కాదు, గూల్! రోల్ కాదు, రోద్! నీకేటీ రాదు మణమ్మా!" పెన్సిలు లాక్కుని, న్యాయం చెప్పమన్నట్టు ఇంగర్ వైపు తిరిగింది. "గూల్?"

"యా," అంది ఇంగర్. "గూల్."

ఆ తర్వాత వాళ్లిద్దరూ పెన్సిళ్లన్నీ పూర్తిచేశారు. బట్టలు, ఆకులు, కాకి, సుజాతమ్మ చెప్పులు, అన్నీ అయ్యాయి. దేవమణి పది నిమిషాలు కూర్చుంది. వంటింట్లో పని ఉందని లేచి వెళ్లింది. ఆమె చీర కొంగు ఈసారి ఎవరూ పట్టుకోలేదు. వంటింట్లో జోగమ్మ ఉల్లిపాయలు కోస్తోంది. దేవమణి ఇంకో కత్తిపీట తీసుకుని, అవసరం లేకపోయినా నాలుగు ఉల్లిపాయలు కోసింది.

నాలుగో రోజు పొద్దున హౌరా బండికి అందరూ స్టేషన్‌కు వెళ్లారు. సొర్నం ఏడవలేదు. కిటికీ దగ్గర కూర్చుని, మణమ్మ కూడా వెనక బండిలో వస్తుందనుకుంది కాబోలు, "నువ్వు బేగి వొచ్చీ" అంది. "అలాగేనమ్మా" అంది దేవమణి. అది అబద్ధమని తర్వాత చాలాకాలం బాధపడింది.

నెల తిరిగేసరికి ఇంగర్ ఉత్తరం వచ్చింది. రెండో రోజే పిల్ల అలమర చూపించి నీలం స్వెట్టరు కావాలని అడిగిందట. ముదురుది తీసిస్తే వద్దని, లూసెబ్లో అని గదమాయించి లేతది వేయించుకుందట. ఆ వాక్యాన్ని సుజాతమ్మ చేత మూడుసార్లు చదివించుకుంది దేవమణి. సాయంత్రం విల్‌ఫ్రెడ్‌కు చెప్తే, ఆయన "లైటు బ్లూనే కదా నాకు కుదరకపోనాది" అన్నాడు, గొప్పగా.

మరో ఏడాదికి వచ్చిన ఉత్తరం మాత్రం చదువుతూ చదువుతూ సుజాతమ్మ ఒకచోట ఆగింది. దేవమణి పట్టేసింది. "ఏటుందో సెప్పీండమ్మా." పిల్ల ఇప్పుడు అక్కడి పిల్లల్లాగే గలగలా మాట్లాడుతోందట. తెలుగు పూర్తిగా మరిచిపోయిందట. ఎలా ఆపాలో మాకు తెలియలేదు, మమ్మల్ని క్షమించండి అని రాసింది ఇంగర్.

"పోనీండమ్మా. ఆడుకోడానికి ఏ మాట కావాలో ఆ మాటే ఉంటాది పిల్లలకి" అంది దేవమణి. తువ్వాళ్లు మడత పెట్టడం ముగించింది. ఇంటికెళ్లాక మాత్రం గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. మణమ్మా అన్న మాట కూడా పోయి ఉంటుంది కదా.

విల్‌ఫ్రెడ్ వచ్చి పక్కన కూర్చున్నాడు. చివరికి అన్నాడు: "రైలుపెట్టెకి ముందు ప్రైమరు కొడతామే. దాని మీద అసలు రంగు. సూసేవోడికి ప్రైమరు కనబడదు. అది లేపోతే పైరంగు నిలబడదు."

"నాను పెయింటు డబ్బానేటి?" అంది దేవమణి కసురుగా. ఆయన లేచి వెళ్లి టీ పెట్టాడు. పంచదార ఎక్కువేశాడు. ఆమె మొత్తం తాగింది.

ఆ తర్వాత కూడా ఆమె నేర్పింది. స్వీడన్ వెళ్లే పిల్లకూ, బెల్జియం వెళ్లే అన్నదమ్ములకూ, ఊరూ పేరూ కనుక్కుని, ఉత్తరం రాయించి, రంగులు తెప్పించి నేర్పింది. అన్ని భాషల్లోనూ ఉచ్చారణ తప్పే. పిల్లలే దిద్దుకునేవారు.

1996 డిసెంబరులో ఇంగర్ మళ్లీ వచ్చింది. వెంట పదమూడేళ్ల పిల్ల. దేవమణి ఎత్తు వచ్చేసింది. జుట్టు చెవుల దాకా కత్తిరించుకుంది, పళ్లకు తీగ కట్టించుకుంది. తడబడుతూ ఇంగ్లిష్‌లో "హలో" అని చేయి చాచింది. దేవమణి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని ఊపింది. గుర్తున్నానా అని అడగలేదు. అడగకూడదని వారం రోజుల ముందే నిశ్చయించుకుంది. అన్నం పెట్టింది. పిల్ల చేత్తో తినబోయి ఒలకబోసుకుని, చెంచా తీసుకుని, చేపల పులుసు రెండుసార్లు వేయించుకుంది.

సాయంత్రం గాజులు కొందామని ముగ్గురూ గోల్‌బజార్ వెళ్లారు. క్రిస్మస్ రోజులు, ఇసుకేస్తే రాలని జనం. రోడ్డు దాటాలి. రిక్షాలు, ఆటోలు, మధ్యలో చేపల బండి. దేవమణి అలవాటు కొద్దీ పక్కనున్న పిల్ల మణికట్టు గట్టిగా పట్టుకుని, "ఉండుండు, ఆటోని పోనీ" అంది తెలుగులోనే. పట్టుకున్నాక గాని తెలియలేదు, ఇది అయిదేళ్ల పిల్ల కాదని. సిగ్గుపడి వదలబోయింది. పిల్ల తన చేతిని లాక్కోలేదు. ఆటో పోయేదాకా ఆగి, ఆమెతో పాటు అడుగేసింది. గాజుల కొట్టు దాకా అలాగే నడిచారు.